గోడ మీది నీలం

ముందు సమ్మెట వినపడేది. కింది అంతస్తులో రెండు నిలువు కంబాల మధ్య వేలాడే ఇనుప దిమ్మె ఒక్కసారిగా జారి అచ్చు మీద పడేది. ఆ దెబ్బకి వీధి అవతల రొట్టెల కొట్లో సాసర్ల మీద కప్పులు గలగలమనేవి. దిమ్మె మళ్లీ పైకి వెళ్లేలోపు కాస్త నిశ్శబ్దం దొరికేది. ఆ నిశ్శబ్దంలో చెవిపెట్టి వింటే పై అంతస్తు నుంచి ఇంకో చప్పుడు. రాతి కల్వంలో, నీళ్ల అడుగున, గాజు నలుగుతున్న చప్పుడు. సముద్రం వెనక్కి తీసిన ఒడ్డున తడి ఇసుక మీద ఎవరో నిదానంగా నడుస్తున్నట్టు ఉండేది. మెట్లెక్కేవాళ్లకి మనిషి కంటే ముందు ఆ నడకే ఎదురొచ్చేది. తర్వాత ఉత్తరపు కిటికీ, దాని కింద వంగిన నెరిసిన తల, తల పక్కన రంగురంగుల సీసాల వరస. ఆవిడ ఒడెట్ థీబో.

ఆటిల్‌బరోలో సగం మంది నగల పనివాళ్లే. ఒక షాపు బడిపిల్లల ఉంగరాలు చేస్తే ఇంకోటి పునీతుల పతకాలు చేస్తుంది. పెల్కీ వాళ్లది బ్యాడ్జీల షాపు. పోలీసులకి, మంటలార్పేవాళ్లకి, రైలు కండక్టర్లకి. ఒడెట్ తల్లి కింద ప్రెస్సు మీద పనిచేసి, చూపుడువేలి కొస దానికే ఇచ్చేసింది. కూతురు పనికి వచ్చిన రోజున ఆ కురచ వేలితోనే మెట్లు చూపించి, "కింద నిలబడకు, పైకి పో," అంది. పైన ఆల్మా అనే ముసలమ్మ ఉండేది. మీనా పని ఆమె చేతిలో ఉండేది.

"కడుగు," అనేది ఆల్మా. "ఇంకా కడుగు. నీ మొహం అందులో కనబడాలి."

"కనబడుతోందమ్మా."

"అందంగా కనబడుతోందా?"

"ఆ."

"అయితే ఇంకా మురికి ఉంది. కడుగు."

మీనా అంటే గాజే. గాజుపెళ్లని నీళ్లలో నూరి, కదిపి, తేరుకోనిచ్చి, పైన పాలలా తేలిన నీటిని పారబోయాలి. ఆ పాలనీళ్లలో పోయేది అతి మెత్తటి పొడి. అది మిగిలితే రంగు మసకబారుతుంది. అడుగున పంచదారలా నిలిచినదాన్ని ఈక మొనతో తీసి, బ్యాడ్జీ మీద అచ్చు వదిలిన చిన్న చిన్న గుంటల్లో పేర్చాలి. గుడ్డ అంచుతో తడి పీల్చాలి. కొలిమిలో పెట్టి ఎర్రబడగానే తీయాలి. తీసినప్పుడు అంతా నల్లగా ఉంటుంది. చల్లారుతుంటే, ఎక్కడో దూరం నుంచి నడిచొచ్చినట్టు, నీలం వస్తుంది. ఒడెట్ ఆ రావడాన్ని ముప్పై ఏళ్లకు పైగా చూసింది. ఒక్కసారీ తల తిప్పుకుని ఉండలేకపోయింది.

ఆమె నీలం ఎక్కువగా వెళ్లింది హార్లో పోర్ట్‌కి. బస్సులో గంటన్నర దూరంలో, పొగమంచు వాసన వేసే రేవు పట్నం. పెల్కీల తాతముత్తాతలు ఆ ఊరి పోలీసులకి బ్యాడ్జీలు చేశారు గనక మెట్ల పక్కన గోడకి పాత నమూనాలన్నీ వరసగా మేకులతో కొట్టి ఉండేవి. రోజూ ఎక్కుతూ దిగుతూ ఒడెట్ ఆ ఊరిని ముందుగా ఆ మెట్ల మీదే ఎరిగింది. మొట్టమొదట బ్యాడ్జీయే లేదు. లాంతరు పట్టుకుని తిరిగే కాపలావాళ్ల టోపీకి ఒక తోలుపట్టీ, దాని మీద సున్నంతో రాసిన అంకె. వాన పడితే అంకె చెంపల మీదికి కారిపోయేది. ఆ తర్వాత రాగి నక్షత్రం. రేవులో ఓడల అడుగున తాపడం చేసే రాగిరేకు దండిగా దొరికేది, కంచరివాడు కత్తెరతో కోసి ఇచ్చాడు. దాని కొనలు కోట్లు చింపాయి, వేళ్లు గీరాయి, మనుషులే ఇంటి దగ్గర ఆకురాయితో కొనలు మొండి చేసుకున్నారు. అలా మొండి చేసుకుంటూ పోయాక నక్షత్రాన్ని వదిలేసి జర్మన్ సిల్వర్‌లో, అంటే వెండిలా మెరిసే మిశ్రమలోహంలో, డాలు ఆకారం చేయించారు, దాని మీద నీలం నింపిన రేవు ముద్ర. పక్క ఊరి డాలు మీద గద్ద కూర్చుందని విని ఒక మేయరు తమ డాలు మీదా గద్దని కూర్చోబెట్టాడు. నీలం ముద్ర ఆ గద్ద కాళ్ల కిందికి వెళ్లింది. ఆ తర్వాత ఎవరికో సూర్యకిరణాలు కావాలనిపించింది. బ్యాడ్జీ అరచేయంత అయింది. చీకటి సందులో ముందు అదే మెరిసి, దొంగకి కబురు చెప్పేసేది. "ఏమయ్యా, ఆ పళ్లెంలో సూపు తాగుతావా?" అని రేవు కూలీలు నవ్వేవాళ్లు. ఆడవాళ్లు చేరాక కింద పట్టీ మీద 'పేట్రోల్‌మ్యాన్' పోయి 'ఆఫీసర్' వచ్చింది. ప్రతి అధికారీ తనదే చివరిది అనుకున్నాడు.

కొత్తది వచ్చినప్పుడల్లా పాతవన్నీ షాపుకే తిరిగొచ్చేవి. దొంగ పోలీసుల చేతిలో పడకుండా ఇద్దరు సాక్షుల ముందు కత్తెర యంత్రంలో రెండుగా కోసి కరిగించాలని రూలు. కొందరివి మాత్రం వచ్చేవి కావు. డ్యూటీలో చనిపోయినవాళ్లవి. వాళ్ల బ్యాడ్జీని పోలీసు స్టేషన్ హాల్లో గోడకి కొట్టేవాళ్లు. ఆ అంకె ఇంకెవరికీ ఇచ్చేవాళ్లు కాదు. ఎవరు ఏ కాలంలో పోతే ఆ కాలపు రూపం ఆ గోడ మీద అలాగే ఉండిపోయింది. రాగి నక్షత్రాలు, డాళ్లు, గద్దలు, సూర్యుళ్లు.

హార్లో పోర్ట్ పోలీసు లూసియన్ థీబో మొదటిసారి వచ్చింది మీనా పెచ్చు లేచిన బ్యాడ్జీ పట్టుకుని.

"ఎలా పోయింది?" అంది ఒడెట్ తల ఎత్తకుండా.

"తలుపు తగిలిందండీ."

నెల తిరక్కుండా మళ్లీ వచ్చాడు.

"ఇప్పుడో?"

"తలుపే."

"హార్లో పోర్ట్‌లో తలుపులన్నీ మీ మీదే పగబట్టాయా?"

"ఒక్క తలుపేనండీ," అన్నాడు లూసియన్, చెవులు ఎర్రబడి. "ఎప్పుడు కొట్టినా ఎవరూ తీయట్లేదు."

కింద నుంచి దిమ్మె పడింది. ఒడెట్ చేతిలో ఈక వణికి నీలం గీత దాటింది. ఆ పొరపాటు దిద్దడానికి ఆమెకి మధ్యాహ్నమంతా పట్టింది. అతను మధ్యాహ్నమంతా మెట్ల మీద కూర్చున్నాడు.

పెళ్లయ్యాక ఆమె హార్లో పోర్ట్‌లో చేపల కొట్టు పైన కాపురం పెట్టి, రోజూ బస్సులో పనికి వచ్చేది. చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తే, బ్యాడ్జీ మాత్రం అతను తనే పెట్టుకునేవాడు, అద్దంలో చూసుకుంటూ. దాని మీది నీలం ఆమె చేతిది. ఈక మొన ఎక్కడ ఆగిందో, ఎక్కడ తడబడిందో ఆమెకి కళ్లు మూసుకున్నా తెలుసు.

ఒక ఫిబ్రవరిలో రేవుకీ పడవకీ మధ్య ఎవరో జాలరి జారి మంచునీళ్లలో పడ్డాడు. లూసియన్ కోటు విప్పి, మడిచి, గట్టు మీద పెట్టి దూకాడు. జాలరి బతికాడు. కోటు మీద బ్యాడ్జీకి నీటిచుక్క కూడా అంటలేదు. దాన్ని ఆమెకి ఇవ్వలేదు, అది గోడకి చెందుతుంది గనక. ఆమె అడగనూ లేదు. ఆటిల్‌బరోకి తిరిగొచ్చేసింది. పిల్లలు లేరు. మే నెలలో, పోయినవాళ్లని తలుచుకునే రోజున, మిగతా కుటుంబాలతో పాటు హాల్లోకి వెళ్లి ఆ బ్యాడ్జీ ముందు నిలబడేది. ఎవరో పేర్లు చదివేవాళ్లు. ఆమె వినేది కాదు. నీలాన్ని చూసేది.

ఏళ్లు గడిచాయి. ఆల్మా పోయింది, పెద్ద పెల్కీ పోయాడు, అతని కొడుకు రోలాండ్ షాపు చేతికి తీసుకున్నాడు. షాపులో అందరికీ ఒడెట్ 'తాంత్' అయింది, అంటే అత్త. ఒక పొద్దున రోలాండ్ మెట్లెక్కి వచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టున్నాడు.

"తాంత్, కాఫీ తాగావా?"

"నువ్వు నా కాఫీ సంగతి అడిగావంటే ఎవరో చచ్చారన్నమాట. చెప్పు."

"చచ్చి చాలాకాలం..." అని నాలుక కరుచుకున్నాడు. "హార్లో పోర్ట్ వాళ్లు మళ్లీ మారుస్తున్నారు. ఈసారి కోడిగుడ్డు ఆకారం. ముద్ర పెద్దది, నీలం నీళ్ల మీద తెల్ల తెరచాప."

"మార్చుకోనీ. నాకు పనేగా."

"గోడ మీదివి కూడా."

కల్వంలో ఆమె చెయ్యి ఆగింది.

"గోడ మీదివి కూడా ఒకేలా ఉండాలట, తాంత్. పాతవి కోసి కరిగించాలి. సార్జెంట్ కింద ఉంది, పెట్టె తెచ్చింది. నేను వేరేవాళ్లకి ఇస్తానంటే..."

"వేరేవాళ్లు ఎవరున్నారురా ఈ ఊళ్లో, నీలం వచ్చినవాళ్లు? పైకి రమ్మను."

సార్జెంట్ జుల్మీరా బారోస్ పొడుగ్గా, మెడ నిటారుగా, నల్లటి చేతులతో ఒక చెక్కపెట్టెని పసిబిడ్డలా పట్టుకుని వచ్చింది. ముత్తాతల నాడు అట్లాంటిక్ దీవుల నుంచి చేపల ఓడల్లో వచ్చినవాళ్ల వంశం. పెట్టెలో నల్ల మఖమలు మీద గోడంతా పడుకుని ఉంది. లూసియన్ సూర్యుడు అంచున ఉన్నాడు. అతను పోయాక ఒడెట్ దాన్ని గోడ మీద తప్ప ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చేతికి అందేంత దగ్గరగా ఉంది.

"బతికున్నవాళ్లకి ఏ పళ్లెం కావాలంటే అది తగిలించుకోండి, సార్జెంట్ గారూ," అంది ఒడెట్. "పోయినవాళ్లకి కొత్త చొక్కాలెందుకు? మా ఆయన ఎన్నడూ ఎరగని బ్యాడ్జీ పెట్టి ఇదే ఆయన అంటే నేను ఎవరి ముందు నిలబడాలి?"

"మీరు కోప్పడతారని పెల్కీ గారు చెప్పారు."

"వాడు నాకు భయపడి కాఫీ అడుగుతాడు. నువ్వు భయపడకు. చెప్పు, ఈ ఆలోచన ఎవరిది?"

"నాదే," అంది జుల్మీరా.

పెట్టె మూల నుంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. తగరపు పోత. బూడిదరంగులో, అంచులు అరిగి, నాణెం కంటే కాస్త పెద్దది. అంకె లేదు. గద్ద లేదు. 'స్పెషల్' అని ఒక్క మాట.

"మా తాత జువావ్. ఆ రోజుల్లో దీవులవాళ్లని పూర్తి పోలీసుగా తీసుకునేవాళ్లు కాదు. అదే సందు, అదే కాపలా, అదే లాఠీ. బ్యాడ్జీ మాత్రం ఇది. బొగ్గు రేవులో కాల్చేశారు. దీన్ని గోడ మీద పెట్టించడానికి మా వోవో, మా నానమ్మ, స్టేషన్ మెట్ల మీద కూర్చుని కూర్చుని పోరింది. పెట్టారు. ఆ చివర, కోటు కొక్కెం పక్కన. ప్రతి మే నెలలో ఎవరో ఒకరు తడికోటు తగిలిస్తే దీని మీద పడేది. మా వోవో ఆ కోటుని పక్కకి జరిపి పట్టుకుని నిలబడేది, పేర్లు చదివినంతసేపూ. వచ్చినవాళ్లు నన్ను అడిగేవాళ్లు, 'మీ తాత వాచ్‌మనా?' అని."

ఒడెట్‌కి ఆ కొక్కెం తెలుసు. నల్లగౌను ముసలావిడా తెలుసు, ఆ చివర, ఎవరిదో కోటు చేతిలో పట్టుకుని. ఎవరికో కోటు మోస్తున్న మనిషి అనుకుంది, ఇన్నాళ్లూ.

"మీ ఆయనది తీసేయాలని కాదు మేడం," అంది జుల్మీరా మెల్లగా. "మా తాతది వాటి పక్కన నిలబడాలని. వేరేలా ఎలా చేయాలో నాకు తెలియలేదు."

ఒడెట్ ఆ తగరాన్ని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూసింది. తర్వాత అడిగింది.

"రూలు ఏమంటుంది? లోహం కోసి కరిగించాలనేగా?"

"అంతే."

"గాజు సంగతి?"

జుల్మీరా ఆలోచించింది. "గాజు సంగతి ఎవరూ రాయలేదు."

"అయితే పెట్టె ఇక్కడ ఉంచి వెళ్లు. కోసే రోజున కబురు పెడతాను. రెండో సాక్షిని నేనే."

ఆమె మనసులో ఉన్నది చాలా చిన్న కోరిక. లూసియన్ గాజు లూసియన్‌కే పోవాలి. రూపం మారినా ఆ నీలం అదే ఉండాలి. అతని బ్యాడ్జీని కొలిమిలో కాల్చి చన్నీళ్లలో ముంచింది. గాజు చిటచిటమని పెళుసుగా రాలింది. నూరింది. కడిగింది. ప్రతి కడుగుకీ పాలనీళ్లలో కొంత కొంత పోయింది. చివరికి గోరు మీద పట్టేంత మిగిలింది. కొత్త ముద్ర పెద్దది. సగం కూడా నిండదు. మిగతా సగం సీసాలోని కొత్త నీలంతో నింపితే ఏది ఎక్కడుందో తనకే తెలియదు. వేరేవాళ్లవి కాల్చి చూసింది. అందరిదీ అదే కథ. ఒక్కొక్కరిదీ ఎవరికీ చాలదు. రాగి నక్షత్రాలకైతే అసలు గాజే లేదు. తగరానికీ లేదు.

రెండు రోజులు కల్వం ముట్టుకోలేదు. రోలాండ్ వచ్చి కాఫీ పెట్టి వెళ్లాడు, అడగకుండా. మూడో రోజు ఆమె పెద్ద మూస ఒకటి తెమ్మంది, లోహం కరిగించే మట్టిపాత్ర.

"ఏం చేస్తావు తాంత్?"

"అందర్నీ కలుపుతాను."

"పాత గాజు మసకబారుతుంది. నాకు నేర్పింది నువ్వే."

"బారనీ."

రాగి నక్షత్రాలని కాలిస్తే వాటి ఒంటి మీద నల్లటి పెచ్చు కట్టింది. ఆ పెచ్చు గీకి, వన్నెలేని గాజులో వేస్తే అది కరుగుతూ కరుగుతూ సముద్రపు పచ్చ అయింది. నక్షత్రాలవాళ్ల రంగు అది. అందులో డాళ్లవాళ్ల నీలం వేసింది, గద్దలవాళ్ల నీలం వేసింది, సూర్యులవాళ్ల నీలం వేసింది. కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్న గోరెడు గాజు, లూసియన్‌ది, చివరికి మిగిలింది. దాన్ని విప్పడానికి కిటికీ దగ్గరికి వెళ్లింది. వెలుతురులో కాసేపు చూసింది. ఇది వేస్తే ఇంక ఏ బ్యాడ్జీ ముందు నిలబడినా ఇది మా ఆయనది అనుకోడానికి లేదు. వేయకపోతే కాగితంలో ఉంటుంది, తనతో పాటు పోతుంది. కాగితాన్ని మూస మీద వంచి దులిపింది.

కోసే రోజున జుల్మీరా వచ్చింది. కత్తెర యంత్రం ఒక్కో బ్యాడ్జీని రెండు చేస్తుంటే ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. లూసియన్ సూర్యుడు ఖళ్లుమని తెగాడు. తగరం మాత్రం మెత్తగా ఉండి, తెగేముందు వంగింది. జుల్మీరా దాన్ని వేళ్లతో సరిచేసి మళ్లీ కత్తెర కింద పెట్టింది. ఆ ముక్కలని ఒడెట్ విడిగా అడిగి తీసుకుంది.

"ఇవి కరిగించాలిగా మేడం?"

"కరిగిస్తాను. దగ్గరుండి చూడు."

గరిటెలో తగరం కరిగింది. అందులో పాతకాలపు సీసం కలిసి ఉంది. ఒడెట్ ఇనుపకడ్డీతో కదుపుతూ పోయింది. పైన మీగడలా కట్టింది, తీసింది. మళ్లీ కట్టింది, తీసింది. కిటికీలు తెరిచినా ఇద్దరికీ గొంతు మండింది. చివరికి గరిటెలో లోహమే లేదు. పళ్లెంలో పాలిపోయిన మెత్తటి భస్మం.

"గాజుని తెల్లగా చేసేది ఇదే," అంది ఒడెట్ దగ్గుతూ. "వెనకటివాళ్లు ఇలాగే చేసేవాళ్లట. అన్ని బ్యాడ్జీల మీదా తెరచాప ఉందిగా. తెరచాపలన్నిటికీ మీ తాత సరిపోతాడు. ఇంకా మిగులుతాడు."

జుల్మీరా పొగ వైపు మొహం తిప్పుకుంది. కళ్లు తుడుచుకుంటూ, "ఈ పొగ భలే ఘాటుగా ఉందండీ," అంది.

"ఆ, ఘాటే."

మూసలోంచి పోసిన ముద్ద చల్లారితే ముసురుపట్టిన సాయంత్రం సముద్రంలా ఉంది. దాన్ని నూరి, కడిగింది. ఆల్మా ఉంటే ఇంకా కడగమనేది. ఒడెట్ ముందుగానే ఆపింది. మరీ కడిగితే మనుషులు పోతారు. అందరికీ సరిగ్గా ఒక్కొక్క పూతకి వచ్చేలా పంచుకుంది. నక్షత్రాలవాళ్ల నుంచి మొదలుపెట్టి, పోయిన వరసలో నింపుతూ వచ్చింది. తన ఇంటివాడిది చివరికి ఉంచుకుంది, వడ్డించే మనిషి చివర తిన్నట్టు. ఒక్కోటీ కొలిమిలోంచి నల్లగా వచ్చి, నెమ్మదిగా నీలమైంది. మెరుపు లేదు. పొగమంచు ఇంకా లేవని పొద్దుటి రేవు రంగు. దాని మీద తెల్లగా ఒక తెరచాప.

జువావ్ బారోస్ బ్యాడ్జీ కొలిమిలోంచి తీసి రాయి మీద పెట్టాక టిక్‌మని శబ్దమైంది. తెరచాప నిలువునా చీలింది. చీలిక నీలంలోకి పాకింది.

ఒడెట్‌కి కారణం వెంటనే తెలిసింది. అతని తెరచాపకి తెలుపు ఎక్కువ వేసింది. ఈక మొనతో ఇంకొంచెం, ఇంకొంచెం అని పేర్చింది. గాజు మందమైతే పగులుతుందని కొత్తగా చేరిన పిల్లకి మొదటివారంలో చెప్పే మాట. ఇన్నేళ్లలో ఎవరి బ్యాడ్జీకీ చేయని తప్పు, ఆయనకి ఏదో బాకీ తీరుస్తున్నట్టు మందంగా వేసి, చేసింది. పగిలిన గాజు పనికిరాదు, తెలుపూ నీలం కలిసిపోయాయి. తెలుపు పళ్లెంలో ఇంకా ఉంది. నీలం గిన్నెలో ఒక్క పూతకే ఉంది. లూసియన్‌ది.

రోలాండ్ వెనక నుంచి వంగి చూశాడు.

"బారోస్‌ది సీసాలో నీలంతో నింపెయ్ తాంత్. ఎవరికి తెలుస్తుంది?"

"పక్కన పెడితే గుడ్డివాడికీ తెలుస్తుంది. అందరూ మసగ్గా ఉంటారు, ఆయనొక్కడూ మెరుస్తాడు. ఆ చివరిది ఎవరిది, ఎందుకు వేరే అని అడుగుతారు. మళ్లీ వేరే."

"పోనీ లూసియన్‌ది..."

"ఆయన ఎప్పుడూ వరసలోనే ఉన్నాడు."

"తాంత్, నువ్వు ఇదంతా మొదలుపెట్టిందే ఆయన గాజు కోసం."

"నువ్వు కిందికి పోరా," అంది ఒడెట్. గొంతు పెద్దది చేయలేదు. "పోయి ఆ సమ్మెట కాసేపు ఆపమను. చెయ్యి కదులుతోంది."

సమ్మెట ఆగింది. రొట్టెల కొట్టువాళ్లు ఏమైందోనని బయటికొచ్చి చూశారట. ఆ నిశ్శబ్దంలో ఆమె గిన్నె అడుగు ఈకతో గీకి, ఉన్నదంతా జువావ్ ముద్రలో పేర్చింది. తెలుపు పలచగా వేసింది. కొలిమి ముందు నిలబడింది. తీసింది. చల్లారేదాకా చెవి పెట్టి వింది. ఏ చప్పుడూ రాలేదు.

తర్వాత సీసా మూత తీసి, లూసియన్‌ది కొత్త నీలంతో నింపింది. తెరచాపకి మాత్రం ఆ తగరపు తెలుపే వేసింది.

జుల్మీరా వచ్చి అన్నిటినీ కిటికీ దగ్గర వరసగా పెట్టి చూసింది. ఆఫీసర్ల కోసం చేసిన కొత్త బ్యాడ్జీ ఒకటి పక్కన పెట్టి పోల్చింది. ఇవి మసక. మా కెప్టెన్ తప్పు పట్టొచ్చు అంది. ఒడెట్ మూసలో ఏమేం వేసిందో చెప్పింది. జుల్మీరా మళ్లీ కెప్టెన్ మాట ఎత్తలేదు. తాత బ్యాడ్జీ చేతిలోకి తీసుకుంది. అంకె ఉండాల్సిన చోట పేరు కొట్టించారు. దాన్ని పెదవులు కదుపుతూ చదువుకుంది.

"ఇదొక్కటీ మెరుస్తోందేం?" అంది చివరిది చూసి. "ఎవరిదిది?"

"మా ఆయనది."

"ఎందుకని?"

"గాజు అయిపోయిందమ్మాయ్."

జుల్మీరా ఆ మెరిసేదాన్నీ, చేతిలో మసకదాన్నీ మార్చి మార్చి చూసింది. టోపీ తీసి బల్ల మీద పెట్టింది.

"మా వోవో ఉండి ఉంటే," అంది చివరికి, "మీకు పెద్ద కుండెడు కచూపా వండి తెచ్చేది. మొక్కజొన్న, చిక్కుళ్లు, పంది మాంసం వేసి."

"చిక్కుళ్లు నాకు పడవు," అంది ఒడెట్. "అయినా తినేదాన్నిలే."

ఆ మే నెలలో గోడ కొత్తగా తయారైంది. కొక్కెం తీసేశారు. దాని మేకు రంధ్రం సున్నంతో పూడ్చారు. అప్పటి నుంచి హాల్లోకి వచ్చే ప్రతివాళ్ల చూపూ ముందు ఆ మెరిసే బ్యాడ్జీ మీదే పడుతుంది. అతనేదో గొప్ప పని చేసి ఉంటాడు, అందుకే వేరుగా పెట్టారు అనుకుంటారు. స్టేషన్ వాళ్లు ఎవరి తోచింది వాళ్లు చెబుతారు. జుల్మీరా లెఫ్టినెంట్ అయింది, ఆ తర్వాత రిటైరైంది. ఆమె మాత్రం ఎవరడిగినా ఒడెట్‌నే అడగమనేది.

ఒడెట్ పని మానేశాక కూడా ఏటా బస్సెక్కి వెళ్లేది. ఆఖరి ఏడు ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయి, పది అడుగులకోసారి ఆగేది. ఆ ఆగస్టులోనే పోయింది. అంతకుముందు మే నెలలో పేర్లు చదవడం అయిపోయి, కుటుంబాలవాళ్లు కాఫీ బల్ల వైపు కదిలాక, ఆమె రాగి నక్షత్రాలవాళ్లున్న చివర నిలబడి ఉంది. లూసియన్ బ్యాడ్జీ అవతల ఎక్కడో మెరుస్తోంది. అటు తీసుకెళ్లనా అని ఆ రోజు ఆమె వెంట వెళ్లిన, ఈ కథ రాసుకుంటున్న మనిషి అడిగితే తల అడ్డంగా ఊపింది.

"ఆయన అక్కడ లేడు. దాంట్లో తప్ప అన్నిట్లోనూ ఉన్నాడు. ఇదివరకు ఒక్కచోట నిలబడితే సరిపోయేది, ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవాల్సొస్తోంది. మోకాళ్లు మాట వినట్లేదు. ఏదీ, నీ చెయ్యి ఇలా ఇయ్యి."